మీగడ రంగు సీటు

ఇంజను ఆపకూడదు. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది ప్రభువు చూసుకుంటాడు అనుకుని పొద్దున ఏడింటికి పటమటలో బయల్దేరాడు అంతోని. ఇప్పుడు పదకొండు కావస్తోంది. చల్లపల్లి దాటాక కాలవగట్టు పక్కన, తను పుట్టి పెరిగిన ఊళ్ళో, చిన్న చర్చి ఎదురుగా, కొత్తగా కుట్టించిన కోటు వేసుకుని, మే నెల ఎండలో కారు హీటరు పూర్తిగా తిప్పి పెట్టుకుని కూర్చున్నాడు. చూసినవాళ్ళు పిచ్చెక్కిందనుకుంటారు. అనుకుంటే అనుకోనీ, వాళ్ళకేం తెలుసు. ఇంజనుని చల్లార్చే ఫ్యాను పోయింది. బండి కదుల్తున్నంతసేపు ఎదురుగాలికి ఫరవాలేదు కానీ నిలబడితే ఇంజను కాగిపోతుంది. హీటరు పెడితే ఆ వేడి కొంత మనిషున్న చోటికి వచ్చేస్తుంది, ఇంజను బతుకుతుంది. మనిషి సంగతి మనిషి చూసుకోవాలి. ఈ కిటుకు ఆటోనగర్ మెకానిక్కు రహ్మాన్ చెప్పింది. చెప్పేటప్పుడు పది నిమిషాలకు సరిపడా చెప్పాడు, గంటకు చెప్పలేదు. చర్చి వరండాలో పెళ్ళికూతురు కూర్చుని ఉంది. హెలెన్. ఉన్నది ఒక్కటే కూతురు. ఫాదర్ గారు రాగానే గంట కొడతారు, గంట కొట్టగానే పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని పీఠం దాకా నడిపించుకు వెళ్ళాలి. ఆ తండ్రి ఇక్కడున్నాడు.

ఫాదర్ గారు పక్కూళ్ళో ఒక సమాధి ప్రార్థన ముగించుకుని వస్తున్నారట, దగ్గరలోనే ఉన్నారట. పదింటికీ దగ్గరలోనే ఉన్నారు, పదిన్నరకూ దగ్గరలోనే ఉన్నారు. పదింటికే ఇంజను ఆపేసి ఉంటే ఈపాటికి సగం చల్లారేది, పూజ అయ్యేసరికి పూర్తిగా చల్లారి ఒక్క తిప్పుకు అందుకునేది. ఆపలేదు. ఎందుకంటే ప్రతిసారీ ఇంకో పది నిమిషాలే. పది నిమిషాల కోసం ఆపితే రెండు గంటల దాకా కదలదు. ఇంజను దగ్గర వేలెడంత ముక్క ఒకటుంది, వేడెక్కితే దానికి మతి పోతుంది. బండి నడుస్తుంటే ఏదోలా నెట్టుకొస్తుంది గానీ, ఆపి మళ్ళీ తాళం తిప్పితే ఎవరు నువ్వు అన్నట్టు ఉంటుంది. ఢిల్లీ నుంచి తెప్పించిన కొత్తది మోడల్ తేడా వచ్చి దీనికి పట్టలేదు, తుక్కు బండిలోంచి ఊడదీసిన పాతదే వేసి పంపాడు రహ్మాన్. పెళ్ళయ్యాక పిల్లనీ అల్లుడినీ వెనక కూర్చోబెట్టి, బ్యాండు ముందు నడుస్తుంటే, గట్టు మీదుగా అల్లుడి ఊరికి తీసుకెళ్ళాలి. అప్పుడు స్టార్టవకపోతే? తొమ్మిదేళ్ళ క్రితం యజమాని కొడుకు భానుచందర్ బాబు పెళ్ళిలో ఇదే కారు మంగళగిరిలో కల్యాణమండపం ముందు ఆగిపోయింది. పట్టుచీరలవాళ్ళు మెట్ల మీద నిలబడి చూస్తుంటే నలుగురు చొక్కాలు విప్పి తోశారు. పెళ్ళికొడుకు లోపలే కూర్చున్నాడు. అంతోని స్టీరింగు తిప్పుతూ కళ్ళెత్తలేదు. ఆ రోజు పెద్దాయన ఏమీ అనలేదు, ఏమన్నా అంటే బావుండేది. తన కూతురి పెళ్ళిలో అలా తోయించుకోవడం మాత్రం జరగదు. ఈ ఊళ్ళో అసలు జరగదు. ఇక్కడ అంతోనంటే పెద్ద కారు అంతోని.

పెద్దాయనంటే దుర్గాశంకర్ గారు, మంగళగిరి నేత చీరల వ్యాపారం, వస్త్రలత మార్కెట్లో కొట్టు. ఇరవై రెండేళ్ళ కింద హైదరాబాదు వెళ్ళి ఈ జర్మనీ కారు కొనుక్కొచ్చినప్పుడు విజయవాడలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. నల్ల కారు, లోపల మీగడ రంగు తోలు సీట్లు. తలుపు వేస్తే దుప్పటి కప్పినంత మెత్తగా చప్పుడయ్యేది. బందరు రోడ్డు మీద వెళ్తుంటే స్కూటర్లవాళ్ళు పక్కకి తప్పుకుని మరీ చూసేవాళ్ళు. చూసేది కారునే, కానీ ఆ చూపులో కాస్త డ్రైవరు మీద కూడా పడేది. అంతోనికి అదే చాలు. దీన్ని కడగడంలో, తుడవడంలో, దీనికి ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో చెవి పెట్టి కనుక్కోవడంలో ఇరవై రెండేళ్ళు పోయాయి. ఎడమ వెనక చక్రం దగ్గర కీచుమంటే రబ్బరు బుష్ పోయినట్టు, చేపల పులుసు మాడినట్టు వాసన వస్తే ఇంజను మూత దగ్గర ఆయిలు కారుతున్నట్టు, పొద్దున్నే వెనక భాగం నేలకి ఆనుకుని కనిపిస్తే కింద స్ప్రింగుల బదులున్న గాలి తిత్తుల్లో గాలి దిగిపోయినట్టు. అంతోని ఇంగ్లీషు నేర్చుకున్నది కూడా ఈ కారు దగ్గరే. డ్యాష్‌బోర్డు మీది చిన్న తెరలో ఏ కొత్త జబ్బు మాట పడ్డా, దాన్ని సిగరెట్టు పెట్టె మీద రాసుకుని రహ్మాన్ దగ్గర చదివించుకునేవాడు. ఇంజను బొమ్మ దీపం మాత్రం ఆరేళ్ళుగా వెలుగుతూనే ఉంది. అది చూస్తే పెద్దాయనకు గుండెదడ అని దాని మీద నల్ల టేపు అంటించాడు. పెద్దాయన పోయినా టేపు ఉంది.

పెద్దాయన పోయాక కారు షెడ్డుకే. భానుచందర్ బాబుకి వేరే కారుంది, కొత్తది, తనే నడుపుకుంటాడు. దీన్ని తుక్కు కింద ఇచ్చేద్దాం అంతోనీ అన్నప్పుడు, మా అమ్మాయి పెళ్ళి దాకా ఉంచండి బాబూ అని అడిగాడు. ఆయన ఆశ్చర్యపోయాడు. దీంట్లోనా, సరే నీ ఇష్టం, ఆ తర్వాత మాత్రం ఉంచను అన్నాడు. అప్పట్నించీ రెండేళ్ళు, ఆదివారం పూజ అయ్యాక షెడ్డుకి వెళ్ళి దీన్ని బతికించుకుంటూ వచ్చాడు. అద్దాలు దించే స్విచ్చులు చచ్చాయి, నాలుగు అద్దాలూ మూసుకునే ఉంటాయి. తన పక్క అద్దం జారిపోకుండా తలుపులో చెక్కముక్క ఇరికించాడు. తన తలుపుకి లోపలి పిడి తెగింది, బయటనుంచి ఎవరైనా తీస్తేనే వస్తుంది. ఇరవై ఏళ్ళు దిగి వెళ్ళి ఇతరులకు తలుపు తీసినవాడికి, ఇప్పుడు ఎవరో వచ్చి తీయాలి. ఎడమ పక్క సీటులోంచి దిగుదామంటే దాన్నిండా నీళ్ళ డబ్బాలు, పానాల సంచీ, కూలెంటు. ఇక ఉన్న దారల్లా రెండు సీట్ల మధ్యనుంచి పాకి వెనక్కి పోవడమే, అదీ కోటుతో, ఈ పొట్టతో. వెనక సీట్లో ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూర్చోలేదు. తుడిచేటప్పుడు మోకాలు కూడా ఆనించేవాడు కాదు.

కుడి వెనక తలుపు తెరుచుకుంది. భార్య శివపార్వతి. మజ్జిగ గ్లాసు పట్టుకుని వంగి లోపలికి చూసి, పొయ్యి మూత తీసినట్టు మొహం పక్కకి తిప్పుకుంది. ఇందులో ఎట్లా కూర్చున్నావయ్యా అంది. గ్లాసు ముందుకు అందించింది. అంతోని ఒక్క గుక్కలో తాగాడు. ఫాదర్ గారు మోటారు సైకిల్ మీద బయల్దేరారంట, పావుగంటలో వస్తారంట. ఆ మాట చెప్పి కూడా ఆమె కదల్లేదు.

“ఆపేసి రారాదూ,” అంది.

“ఆపితే మళ్ళీ అందుకోదు. మెకానిక్కు చెప్పాడు.”

ఆమె పైట కొంగుతో మెడ తుడుచుకుంది. కారు వైపు చూసింది, చర్చి వైపు చూసింది. తర్వాత, బజారు నుంచి ఏదో తేవడం మరిచిపోతే దాని బదులు ఇంట్లో ఉన్నదాంతో సరిపెడదాం అన్నంత మామూలుగా, “పోనీ మా అన్నయ్య నడిపిస్తాడులే పిల్లని,” అంది.

సరే అన్నాడు అంతోని. ఎంత తొందరగా అన్నాడో. ఆ మాట నోట్లోంచి వెళ్ళాక, తలుపు మూసుకున్నాక, ఆమె చెప్పులు ఇసుకలో చప్పుడు చేసుకుంటూ దూరమయ్యాక, అది వెనక్కి వచ్చి ఛాతీ మీద కూర్చుంది. అంకమ్మరావు మంచివాడే, మేనమామ, పిల్ల చేతికి ఉంగరం పెట్టినవాడు. కానీ అంకమ్మరావు తండ్రి కాదు. ఆ మాత్రం దానికి సరే అన్నానా. ఇంజను ఊగిసలాడింది, ఆగిపోయేట్టు గుటుక్కుమంది. అంతోని ఉలిక్కిపడి యాక్సిలరేటరు తొక్కాడు. అందుకుంది. ప్రతి నిమిషానికీ ఒకసారి ఇలా తొక్కాలి, లేకపోతే పోతుంది. చేతులు చూసుకున్నాడు. ఉయ్యూరు దాటాక నీళ్ళ గొట్టం బిగింపు వదిలితే రోడ్డు పక్కన నిలిపి, ఎవరో వచ్చి తలుపు తీస్తే దిగి, ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తి, మండే గొట్టాన్ని పాతగుడ్డతో పట్టుకుని బిగించాడు. వేళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు ఉండిపోయింది. రుమాలుతో ఎంత రుద్దినా పోలేదు, రుమాలే నల్లబడింది.

ఎందుకింత పట్టుదల అని అడిగితే ఎవరికీ చెప్పలేడు. చెప్పాలంటే ఒక దెబ్బ గురించి చెప్పాలి. హెలెన్‌కి అప్పుడు ఆరేళ్ళు. వానాకాలం, బడికి సెలవు. తల్లి పంపితే క్యారేజీ పట్టుకుని పెద్దాయన గారింటికి వచ్చింది. షెడ్డులో అంతోని కారు కడిగి, సీట్లు ఆరాలని వెనక తలుపులు తెరిచి పెట్టి, బక్కెట్టు పారబోయడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల కారు లోపలుంది. మీగడ రంగు సీటు మధ్యలో, కాళ్ళు కిందికి అందక, రెండు చేతులూ రెండు పక్కలా చాపి తోలుని నిమురుతోంది. ఎక్కేటప్పుడు బురదకాళ్ళు సీటు మీద మోపినట్టుంది, రెండు చిన్న పాదాలు, వేళ్ళతో సహా, ముద్రలు పడ్డాయి. తనని చూసి నవ్వింది. నాన్నా పోనీ, అంది. తనే యజమాని అన్నట్టు, బండి పోనీ అని. అంతోనికి కూడా నవ్వొచ్చేదే. కానీ తలెత్తితే పైన బాల్కనీలో పెద్దాయన నిలబడి ఉన్నారు, కిందికే చూస్తున్నారు. చెయ్యి లేచింది. చెంప మీద పడింది. ఆ వెంటనే పైనుంచి ఆయన గొంతు, ఉండనీరా అంతోనీ, చిన్నపిల్ల. ఆయన నవ్వుతున్నారు. ఆయన నవ్వుతూనే ఉన్నారట, అంతోనే చూసుకోలేదు. చిన్నపిల్ల ఏడవలేదు. కిందికి దిగింది, గౌను అంచు పట్టుకుని, వంగి, తన పాదాల ముద్రలు తనే తుడిచింది. పోయిందో లేదో అని ఒకసారి చూసుకుని, మళ్ళీ తుడిచింది. తర్వాత వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ షెడ్డు వైపు రాలేదు. క్యారేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళేది.

మర్చిపోయింది అనుకున్నాడు. పిల్లలు మర్చిపోతారు. మర్చిపోని వాడు తనే. ఆ రాత్రే అనుకున్నాడు, పిల్లని ఈ సీట్లోనే కూర్చోబెట్టి పెళ్ళికి తీసుకెళ్తాను, తలుపు నేను తీస్తాను, ఎవరూ దించరు. ఇరవై ఏళ్ళు ఆ మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. హెలెన్ పెరిగింది, చదివింది, ఆసుపత్రిలో ల్యాబులో చేరింది, ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే పవన్‌కుమార్‌ని తనే ఇష్టపడి ఇంటికి తీసుకొచ్చి పరిచయం చేసింది. పెళ్ళికి పెద్ద కారు అని చెప్పినప్పుడు, ఎందుకు నాన్నా, ఆటో అయినా ఫరవాలేదుగా అంది. తండ్రికి శ్రమ ఎందుకని అంటోంది అనుకున్నాడు. మురిసిపోయాడు కూడా. ఎంత వెర్రివాడు.

ఇంజను వేడి చూపే సూది ఎర్రగీత వైపు ఇంకో వెంట్రుక జరిగింది. చెమట కళ్ళలోకి దిగి మండింది. తుడుచుకోవడానికి తల ఎత్తితే, అద్దంలో వెనక సీటు కనిపించింది. సీటు మీద నీలం గీతల టవలు. పొద్దున హెలెన్ పరుచుకున్నది. తెల్ల చీర, పెద్దాయన భార్య వెంకటరావమ్మ గారు ఆయన పేరు చెప్పి ఇచ్చిన మంగళగిరి పట్టు, దానికి దుమ్ము అంటకూడదని పరుచుకుంది, తెలివైన పిల్ల, అనుకున్నాడు పొద్దున. ఎక్కేముందు చెప్పులు విప్పింది. కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో అనుకున్నాడు. విప్పిన చెప్పులు ఒడిలో పెట్టుకుంది. తెల్ల పట్టుచీర ఒళ్ళో, చెప్పులు. అరవై కిలోమీటర్లు. కాళ్ళు కింద ఆనించి కూడా ఆనించనట్టు, మునివేళ్ళ మీద. అద్దంలో చూశాడు, చూస్తూనే ఉన్నాడు, కానీ అతని మనసంతా సూది మీదా చప్పుళ్ళ మీదా ఉంది. చీరకి దుమ్ము అంటుతుందనుకునే పిల్ల చెప్పులు చీర మీదే పెట్టుకుంటుందా? ఇక్కడికి వచ్చాక, ఆడవాళ్ళు తలుపు తీసి చుట్టూ మూగితే, ముసుగు సర్దుతుంటే, దిగింది. దిగి, వాళ్ళని ఒక్క క్షణం ఆగమని, వెనక్కి తిరిగి, వంగి, టవలు చివర పట్టుకుని తను కూర్చున్న చోటు తుడిచింది. తుడిచి, చూసుకుని, మళ్ళీ తుడిచింది.

అంతోని అద్దం నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ఇరవై ఏళ్ళు ఏం దాచుకున్నాడు తను? ఏ సీటు మీద నుంచి దించాడో ఆ సీటు మీదే మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాడు. పిల్ల ఏమీ అనకుండా కూర్చుంది, తండ్రి సరదా పడుతున్నాడని. పొద్దున్నించీ వెనక కూర్చున్నది పెళ్ళికూతురు కాదు, ఆరేళ్ళ పిల్ల. బురద అంటకుండా, శ్వాస కూడా అంటకుండా కూర్చుంది. ఇదేనా నేను ఇవ్వాలనుకున్నది? అందుకేనా గాలి తిత్తులకు అతుకులేసింది, తుక్కులోంచి ముక్కలు వెతికింది, హీటరులో ఉడుకుతున్నది? కోటు గుండీ విప్పుకున్నాడు. తలుపు పిడి లాగాడు, తెగిన పిడి చేతిలో తేలికగా ఊగింది. అద్దం మీద అరచేయి ఆనించి నెట్టాడు. చెక్కముక్క కదల్లేదు. ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా, తనే తన చుట్టూ అన్నీ మూసుకున్నాడు.

మోటారు సైకిల్ చప్పుడు గట్టు దిగింది. వెనక కూర్చున్న మనిషి తెల్ల అంగీ ఎత్తి పట్టుకుని దిగారు, ఫాదర్ గారు. పెళ్ళివారంతా లేచారు. మరుక్షణం గంట మోగింది. వరండాలో అంకమ్మరావు తెల్ల పంచె సర్దుకుని మెట్ల పక్కకు వచ్చి, చెయ్యి చాచి నిలబడ్డాడు. హెలెన్ లేచింది. ముసుగులోంచి మొహం కనపడటం లేదు, కానీ ముసుగు చర్చి వైపు తిరగలేదు. ఇటే ఉంది. చిన్న తెర మీద ఇందాకట్నించీ వెలుగుతున్న అక్షరాలు మళ్ళీ వెలిగాయి. సగం చుక్కలు చచ్చినా చదవగలడు, ఎన్నోసార్లు చదివించుకున్నవే. ఇంజను ఆపు. ఎర్రగా, వెలిగి ఆరుతూ. ఆపు. లోపల పాట అందుకున్నారు, ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. అంతోని కుడికాలు యాక్సిలరేటరు మీద ఉంది. నిమిషం అయింది, తొక్కాలి.

తొక్కలేదు. తాళం తిప్పేశాడు.

అంత నిశ్శబ్దం ఈ కారులో ఎప్పుడూ వినలేదు. బానెట్టు కింద ఏదో టిక్కు టిక్కుమంటోంది. అంతోని సీటు వెనక్కి వంచి, ఒక మోకాలు మధ్యలో పెట్టి, తల పైకప్పుకి కొట్టుకుని, వెనక సీట్లో బోర్లా పడ్డాడు. లేచి కూర్చున్నాడు. కూర్చుంటే ఎంత మెత్తగా ఉంది. ఇరవై రెండేళ్ళు. ఒక్క క్షణమే, ఎక్కువసేపు కాదు. కింద టవలు ముద్దయింది, దాని పక్కన మీగడ రంగు తోలు మీద అతని చెయ్యి పడిన చోట ఐదు నల్లటి వేళ్ళు. అలవాటుగా తుడవబోయాడు. ఆగాడు. తలుపు తీసుకుని, పెద్దాయన దిగినట్టే, కుడి కాలు ముందు కింద పెట్టి దిగాడు. మే నెల ఎండ ఒంటికి చల్లగా తగిలింది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి అంకమ్మరావు తనంతట తనే పక్కకి తప్పుకున్నాడు. వస్తావులే అనుకున్నాను బావా అన్నాడు. అంతోనికి ఊపిరి ఆడటం లేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. హెలెన్ ముసుగు కొంచెం ఎత్తి కారు వైపు చూసింది.

“ఆపేశావా?”

“ఆపేశానమ్మా.”

“మళ్ళీ స్టార్టవుద్దా?”

“అవదు.”

ఆమె నవ్వింది. ఆరేళ్ళప్పుడు సీటు మధ్యలోంచి నవ్విన నవ్వే, ఇన్నేళ్ళు ఎక్కడుందో. “పోనీలే, పవన్ బండి ఉందిగా,” అంది. చెయ్యి చాచింది. అంతోని తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“గ్రీజుందమ్మా. తెల్ల చీర. మరకవుద్ది.”

“అవనీ నాన్నా.”

ఆమె అతని చెయ్యి వెతికి పట్టుకుని, తన మోచేతి మడతలో పెట్టుకుంది, గట్టిగా, జారిపోకుండా. లోపలికి నడిచారు. పాట పెద్దదైంది. వెనకాల, తిత్తుల్లో గాలి దిగుతూ కారు మెల్లగా కింద కూర్చుంటున్న చప్పుడు అంతోని ఒక్కడికే తెలిసింది. పీఠం దగ్గర ఫొటోగ్రాఫరు వచ్చి, పెళ్ళికూతురి చేతి మీద నల్లటి మరక పడింది, కనపడకుండా పూలగుత్తి కాస్త ఇటు పెట్టుకోమ్మా అన్నాడు. హెలెన్ పూలగుత్తిని రెండో చేతిలోకి మార్చుకుంది, మరక కనపడేట్టు.